చెంబెడు నీళ్ళు

తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి పాలు పొయ్యి మీద పెట్టాను. బాత్రూములో పంపు చప్పుడు. మా అమ్మాయి సన లేచిందన్నమాట. పదకొండేళ్ళ పిల్ల, ఎవరూ లేపకుండా తనంతట తనే నమాజుకు లేస్తోందని మా ఆయన కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోతున్నారు. పాలు పొంగాయి, దించాను. పంపు ఆగలేదు. ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. కాలి మీంచి జారి గచ్చు మీద పడుతున్న నీళ్ళు. కాలు మార్చిన చప్పుడు. కాసేపాగి మళ్ళీ మొదటి కాలే. నీళ్ళు వృథా అవుతున్నాయన్నది కాదు నా భయం. ఆ చప్పుడు నాకు తెలుసు. ఒకప్పుడు కంకిపాడులో, మా పెరట్లో, ఆ చప్పుడు చేసింది నేనే. జాన్‌బీ పిన్ని లేకపోతే అందులోంచి బయటపడేదాన్ని కాదు.

పిన్ని అంటే మాకు చుట్టమేమీ కాదు, పక్కింటావిడ. మా పెరడుకీ వాళ్ళ పెరడుకీ మధ్య నడుమెత్తు గోడ. మావి తెలుగు మాట్లాడుకునే ముస్లిం ఇళ్ళు, తిట్లైనా దీవెనలైనా తెలుగులోనే. పిన్నీ, ఆమె భర్తా పరుపులు కుట్టేవాళ్ళు. ఆమె జుట్టులో ఎప్పుడు చూసినా దూది పింజలు ఉండేవి. పిల్లల్లేరు. నోరు మాత్రం పెద్దది. ఆమె మాట్లాడుతుంటే మా వీధి కుక్కలు కూడా లేచి కూర్చునేవి. కానీ పొద్దుగూకి మగ్రిబ్ నమాజుకు పిలిచే అజాన్ వినబడగానే ఆ నోరు కట్టుబడేది. అల్లాహ్ పేరున బిస్మిల్లా అంటూ నీళ్ళ బిందె మీద మూత పెట్టేది, అన్నం గిన్నె మీద పళ్ళెం బోర్లించేది, వీధి తలుపు గడియ వేసేది. పడుకునే ముందు పక్క దులిపేది. పొద్దున చెప్పులు విదిలించి తొడుక్కునేది. అన్నీ చిన్న పనులే, ప్రవక్తగారు చేసి చూపించినవి. ఎప్పుడూ వాటి గురించి పెద్ద మాటలు చెప్పేది కాదు. చేసేది, అంతే. ఒకసారి వేసిన గడియను మళ్ళీ తోసి చూడటం మాత్రం నేనెన్నడూ చూడలేదు.

నేను పదో తరగతి చదివే ఏడు, రంజాన్‌లో ఎవరింట్లోనో ఆడవాళ్ళంతా కూడారు. ఒక పెద్దావిడ వుజూ గురించి చెప్పింది. నమాజుకు ముందు చేతులు, నోరు, ముక్కు, ముఖం కడుక్కుని, తడి చేత్తో తల తుడుచుకుని, చీలమండల దాకా కాళ్ళు కడుక్కోవడమే వుజూ. మడమ మీద గోరంత చోటు పొడిగా మిగిలిపోయినా ఆ నమాజు చెల్లదని చెప్పింది. తప్పేమీ చెప్పలేదావిడ. అందరూ విన్నారు, ఖర్జూరాలు తిన్నారు, ఇళ్ళకు పోయారు. నేను మాత్రం ఆ గోరంత చోటును వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాను.

మర్నాటి నుంచి మడమ కడిగితే కడిగినట్టు అనిపించేది కాదు. మడమ నుంచి వేళ్ళకు పోయాను, వేళ్ళ నుంచి మోచేతులకు. మోచేతుల దాకా వచ్చేసరికి మడమ ఆరిపోయిందేమోనని మళ్ళీ మొదటికి. అక్కడితో ఆగినా బాగుండేది. మా నాన్న లారీ డ్రైవరు. వుజూ సరిగ్గా లేకపోతే నమాజు చెల్లదు, నమాజు చెల్లకపోతే నాన్న కోసం వేడుకునే దువా చెల్లదు, నా దువా లేకుండా నాన్న రోడ్డు మీద ఉన్నాడు. ఇలా ఒకదానికొకటి ముడిపడిపోయాయి నా బుర్రలో. నాన్న బండెక్కిన రోజున పంపు దగ్గర నుంచి లేవలేకపోయేదాన్ని. వేళ్ళ సందులు ఒరిసిపోయి మండేవి. అమ్మ మొదట్లో భక్తి అనుకుని పొంగిపోయింది. తర్వాత అరిచింది. ఆ తర్వాత ఏడ్చింది. నమాజు వేళ దాటిపోతున్నా నేను మాత్రం నీళ్ళ దగ్గరే ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే అజాన్ వినబడితేనే నాకు వణుకు పుట్టేది. అల్లాహ్ పిలుస్తున్నాడని కాదు, తప్పు పట్టడానికి కాచుకుని కూర్చున్నాడని అనిపించేది. ఆ వయసు పిల్లకు అంతకన్నా నరకం ఇంకోటి ఉండదు.

ఒక మధ్యాహ్నం గోడ మీంచి పిన్ని తల కనిపించింది.

"ఏమే రజియా, బందరు కాలవంతా మీ పెరట్లోకే వదిలారా ఏంటే?"

నేను మడమ రుద్దుతూనే ఉన్నాను. పిన్ని నా చేతుల వంక చూసింది. ముఖంలో ఎకసెక్కం పోయింది. గోడ చుట్టూ తిరిగొచ్చే ఓపిక లేనట్టు, చీర ఎగ్గట్టి గోడ దాటేసి మా పెరట్లోకి దిగింది. చేతిలో ఆమె ఇత్తడి చెంబు. పంపు కట్టేసింది. చెంబు నింపి నా ముందు పీట వాల్చుకుని కూర్చుంది.

"నే పోస్తా, నువ్వు కడుక్కో. చెంబు అయిపోయిందంటే వుజూ అయిపోయినట్టే. లేచి నమాజుకి పోవాల."

"చాలవు పిన్నీ."

"ప్రవక్తగారికి ఇంతకంటే తక్కువే చాలాయంట. నువ్వేమన్నా ఆయనకంటే భక్తురాలివా?"

ఆమె పోసింది, నేను కడుక్కున్నాను. చెంబు ఖాళీ అయింది. "మడమ," అన్నాను. "అయిపోయింది," అంది. "పిన్నీ, ఒక్కసారి." "చెంబులో చుక్క లేదు. లే." ఏడుస్తూ లేచాను. ఏడుస్తూనే నమాజు చేశాను. సజ్దాలో నేలకు నుదురు ఆనించినా నా మనసంతా మడమ దగ్గరే ఉంది.

ఆ సాయంత్రం రావాల్సిన నాన్న లారీ రాలేదు. మగ్రిబ్ అయింది, నాన్న జాడ లేదు. అమ్మ గుమ్మంలోకీ వీధిలోకీ తిరుగుతోంది. గోడ దగ్గరికి పరిగెత్తాను. "పిన్నీ, నేను చెప్పానా! ఆ చెంబు వల్లే. నా వుజూ చాలలేదు, అందుకే నాన్నకు ఏదో అయింది," అన్నాను. అంత కోపం ఆమె ముఖంలో అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"ఏంటే నువ్వనేది? నీ మడమకి మీ నాన్న ప్రాణం కట్టేసి పెట్టాడా అల్లా? గోరంత చోటు తడవలేదని మడిసిని లారీ కింద తోసేసేవాడా ఆయన? ఎవరి గురించే అంత మాటంటన్నావు!"

వుజూ చాలదేమోనని భయపడ్డాను గానీ, నా భయమే అల్లాహ్ మీద అంత అభాండం వేస్తోందని నాకు ఎన్నడూ తట్టలేదు. పిన్ని మళ్ళీ గోడ దాటి వచ్చింది. నన్నూ అమ్మనూ అరుగు మీద కూర్చోబెట్టి తను నడుమ కూర్చుంది. వేళ్ళ కణుపుల మీద అల్లాహ్ నామం లెక్కబెట్టుకుంటూ ఉంది. రాత్రి ఇషా నమాజు వేళకు నాన్న వచ్చాడు. ఉయ్యూరు దగ్గర టైరు పేలిందట. చేతిలో కాగితంలో చుట్టిన మిరపకాయ బజ్జీలు. "చూశావా, ఏం కాలేదు" అని పిన్ని అంటుందనుకున్నాను. అనలేదు. "రేపు కూడా చెంబే. మీ నాన్న వచ్చాడని కాదు. రాకపోయినా చెంబే," అని చెప్పి, ఓ బజ్జీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఒక్కరోజులో ఏదీ పోలేదు. నెలల తరబడి ఆ చెంబు గోడ దాటి వచ్చేది. కొన్నాళ్ళకు పిన్ని రావడం మానేసి చెంబును మాత్రం గోడ మీద పెట్టి ఉంచేది. కాస్త తెరిపిన పడ్డాక నాకు ఉత్సాహం ఎక్కువైంది. తెల్లవారుజామున అదనపు నమాజు చేస్తానన్నాను, సోమవారాలు ఉపవాసం ఉంటానన్నాను. "ఏం వద్దు. ముందీ చెంబు నిలవనీ. అల్లాకి రోజూ చేసే చిన్న పనంటేనే ఇష్టం. నువ్వు ఓ వారం కొండెక్కి ఆ తర్వాత కాలు విరగ్గొట్టుకునే రకం," అంది. ఆమె పద్ధతే అది. ఒక అలవాటు ఒంటికి పట్టేదాకా రెండోది ముట్టుకోనిచ్చేది కాదు. చెంబు తర్వాత బిందె మీద మూత, ఆ తర్వాత పక్క దులపడం. గడియ అన్నిటికన్నా చివర్లో నేర్పింది. బిస్మిల్లా అని వేశాక వెనక్కి తిరిగి చూడకూడదంది. నాకది అన్నిటికన్నా కష్టమైంది. పెళ్ళయి సింగ్‌నగర్ వచ్చాక కూడా ఎన్నోసార్లు తలుపు దాకా వెళ్ళి, గడియ ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పడుకున్నాను.

ఆమెకు భయమంటే ఏంటో తెలియదనుకునేదాన్ని. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌లో మా పేటను ముంచిన ఏడు ఆ సంగతి తేలింది. అప్పటికి పిన్ని భర్త పోయారు. నాలుగు రోజులుండి పోదామని మా ఇంటికి వచ్చింది. నిద్ర లేచేసరికి వీధిలో చీలమండ లోతు నీళ్ళు. టీ తాగేలోపు మెట్లెక్కాయి. బియ్యం డబ్బా, తొమ్మిదేళ్ళ సనకు బిస్కెట్లు, పిన్ని చెంబు పట్టుకుని మేడ మీదికి పరిగెత్తాం. కింద మా ఫ్రిజ్ తేలుతూ వెళ్ళి గోడకు కొట్టుకుంటున్న చప్పుడు పైదాకా వినిపించింది. నీళ్ళల్లో పాములు పోతున్నాయని పక్క మేడ వాళ్ళు కేకలేశారు. మా ఆయన పిట్టగోడ దగ్గర నిలబడి పడవ కోసం చేతులూపుతున్నారు. పిన్ని మాత్రం మెట్ల గదిలో గోడకు ముఖం పెట్టి కూర్చుంది. మాట లేదు. అంత నోరున్న మనిషికి మాట లేకపోవడం చూసి నాకు నీళ్ళకన్నా ఎక్కువ భయమేసింది.

సాయంత్రం అసర్ నమాజు వేళయింది. చుట్టూ కనుచూపు మేరంతా నీళ్ళే, వుజూకు పనికొచ్చేవి చుక్క లేవు. ఉన్న సీసాలో నీళ్ళు సన తాగడానికే. పిన్ని లేచింది. మెట్ల గది గోడ మీద పొడిగా పేరుకున్న దుమ్ముకు అరచేతులు తాటించి, ముఖం తుడుచుకుని, చేతులు తుడుచుకుంది. నీళ్ళు లేనప్పుడు మట్టితో చేసే శుద్ధి, తయమ్ముమ్. ఆమె చేతులు ఎంతగా వణుకుతున్నాయంటే రెండూ ఒకదాన్నొకటి అందుకోలేకపోతున్నాయి.

"పిన్నీ, చలేస్తోందా?"

"చలి కాదే. భయం."

"నీకా?"

"మాది దివిసీమ. నువ్వెప్పుడూ అడగలేదు, నేను చెప్పలేదు. ఉప్పెన వచ్చినప్పుడు నాకు సన అంత వయసు. మా అమ్మ నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆనక చెయ్యి లేదు. తమ్ముడూ లేడు." గోడ వంకే చూస్తూ చెప్పింది. "ఆ తర్వాత నేను నీళ్ళు ముట్టుకోలేదు. బిందె చూస్తే అరిచేదాన్ని. వుజూ లేదు, నమాజు లేదు. మా నానమ్మ ఓ రోజు ఈ చెంబు తెచ్చింది. చెంబెడు నీళ్ళు ఎవర్నీ ముంచలేవే తల్లీ, ఈ కాసినితో మొదలెట్టు అంది."

ఇన్నేళ్ళూ ఆ చెంబు నా కోసమే పుట్టిందనుకున్నాను. ఎక్కువ నీళ్ళు వాడే పిల్లకు కొలత అది అనుకున్నాను. నీళ్ళ పేరు చెబితే వణికే పిల్ల పట్టుకోగలిగినన్ని నీళ్ళు అవి. అదే చెంబు పట్టుకుని, నీళ్ళు వరదలా పారుతున్న మా పెరట్లోకి, గోడ దాటి వచ్చింది ఆమె.

"మరి ఆ భయం ఎప్పుడు పోయింది పిన్నీ?"

"పోవడమేంటే? ఇదుగో, ఉందిగా." వణుకుతున్న చేతులు నాకు చూపించింది. "అదెక్కడికీ పోదు. కాసేపు పక్కన కూర్చో, నమాజు చేసుకొస్తానని చెప్తా దానికి. రోజూ ఐదు పూటలా అదే మాట చెప్పి చెప్పి, ఈ పూట కూడా చెప్పగలుగుతున్నా. లేదంటే ఇవాళ ఈ మేడ మీంచి దూకేసేదాన్ని." దుప్పటి పరుచుకుని అల్లాహు అక్బర్ అంది. వణుకుతూనే నమాజు ఆఖరు దాకా చేసింది.

పడవ వచ్చింది, బతికి బయటపడ్డాం. మరుసటి ఏడు చలికాలంలో కంకిపాడులో పిన్ని పోయింది. పక్క దులుపుకుని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. గడియ లోపల వేసి ఉంటే తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. నేను వెళ్ళేసరికి నీళ్ళ బిందె మీద మూత పెట్టే ఉంది. చెంబు నాకిమ్మని పక్కవాళ్ళకు ముందే చెప్పిందట.

ఇప్పుడు ఈ పంపు చప్పుడు. ఇది నా రక్తంలోంచే దిగిందా, వరద రోజున మేడ మీద చూసిందేదో సన మనసులో ఉండిపోయిందా, నాకు తెలియదు. డాక్టరుకు చూపిద్దామని ఆయనతో ఇవాళే చెబుతాను. పిన్ని ఉండి ఉంటే ఆ మాటకు అడ్డు చెప్పేది కాదు. కానీ ఈ పూట సంగతి ఈ పూటే చూడాలి. అలమరలోంచి చెంబు తీశాను. బాత్రూము తలుపు తట్టాను. తలుపు తెరుచుకుంది. సన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వేళ్ళు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి.

"అమ్మా, మడమ తడిసిందో లేదో తెలియట్లేదు."

పంపు కట్టేశాను. చెంబు నింపి తడి గచ్చు మీదే దానికి ఎదురుగా కూర్చున్నాను. ఇది సరిపోతుందని నాకు నమ్మకం లేదు. పిన్నికీ ఆ రోజు ఉండి ఉండదు. చెంబు పట్టుకున్న నా చేతి వంక చూసింది పిల్ల.

"నీ చెయ్యెందుకమ్మా వణుకుతోంది? నీక్కూడా భయంగా ఉందా?"

"ఉంది తల్లీ. కాళ్ళు చాపు. నేను పోస్తా, నువ్వు కడుక్కో."