షావుకారు గారి కారు గడియారం

మా ఆవిడ వర్షాల్లో పోయింది. ఆ గడియారం క్రిస్మస్ దాటాక నా దగ్గరికి వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది అప్పటికి. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి, నా కొట్లో వాచీలు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోతున్నారు. నాకు దాని గురించీ దిగులు లేదు. అసలు దేని గురించీ ఏమీ అనిపించేది కాదు. సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, ఆయన చేతి వాచీ వెనకబడిందేమోనని చూస్తూ నిలబడ్డాను. మొద్దు మనిషినని అనుకోండి. ఏడుపు రాలేదు, అంతే.

గడియారం తెచ్చినవాడు అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఓ పెద్ద షావుకారు గారి కొడుకు. షావుకారు గారు వయసులో ఉండగా, విశాఖపట్నం పోర్టుకి వచ్చిన ఓ ఓడ ఆఫీసరు దగ్గర రెండు తలుపుల జపాన్ స్పోర్ట్స్ కారు కొన్నారు. బెల్లం దిమ్మలమ్మే మనిషికి ఈ సోకేమిటని మార్కెట్టంతా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. దాన్ని వేసుకుని సబ్బవరం దాకా వెళ్ళి, టీ తాగి వచ్చేవారు. ఇప్పుడు షుగరొచ్చి కళ్ళు పోయాయి. కారు షెడ్డు దాటి రాదు. రోజూ సాయంత్రం ఆయన తడుముకుంటూ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని, డాష్‌బోర్డులో గడియారం కొట్టుకోవడం వింటారట. అది ఆగిపోయింది. అప్పట్నుంచి షెడ్డుకి పోవడం మానేసి, గోడవైపు తిరిగి పడుకుంటున్నారు.

“మేస్త్రీ, లోపల క్వార్ట్జ్ మిషనొకటి పడేసి ఇచ్చీ. ఆయనకి సప్పుడు కావాలంతే,” అన్నాడు కొడుకు. “అదీ అవ్వకపోతే కారు అమ్మెత్తాను. హైదరాబాదోడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు.”

నాకు ఒళ్ళు మండింది. “మీ నాన్న గారికి సెవులు కూడా పోయాయేటి?” అన్నాను. క్వార్ట్జ్ సెకనుకోసారి టక్కుమని ఊరుకుంటుంది. ఇది బ్యాలెన్స్ చక్రం మీద నడిచే గడియారం, గబగబా కొట్టుకుంటుంది. ఇన్నేళ్ళు విన్న మనిషిని మోసం చేద్దామంటాడేమిటి? కొడుకు వెళ్ళిపోయాక ఆ మంట కూడా చల్లారిపోయింది. మళ్ళీ మామూలే.

దానికి పార్టులు దొరకవు. ఏది విరిగినా ఇక అంతే సంగతులు. కాయిలు చూశాను, బాగుంది. కరెంటు వస్తోంది. చక్రం మాత్రం కదలదు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. అనకాపల్లిలో గడియారాలు బాగుచేసేవాడు మూత విప్పగానే తెల్లకాగితం మీద బోర్లించి తట్టాలి. బెల్లం కొట్ల గోడ గడియారాలన్నిట్లోనూ చీమలే కాబట్టి మాకది అలవాటు. ఇది కారుది కదా, ఇంట్లో ఉండేది కదా అని నేనా పని చెయ్యలేదు. చివరికి విసుగొచ్చి తట్టాను. ఎండిపోయిన చలిచీమలు కాగితం నిండా రాలాయి.

అద్దం మధ్యలో ముళ్ళు తిప్పే గుబ్బ ఉంటుంది. దాన్ని వేలితో ముట్టుకుంటే బంకగా ఉంది. వాసన చూశాను. కొత్త బెల్లం. సంగతి అర్థమైంది. ముసలాయన కారులో ఎక్కడో బెల్లం దాచుకుని తింటున్నారు. తిన్న చేత్తోనే గడియారాన్ని తడుముతున్నారు.

ఇంకొకప్పుడైతే పగలబడి నవ్వేవాణ్ణి. మా ఆవిడకీ షుగరే. టీలో పంచదార వేసుకోలేదు, బెల్లం ముట్టలేదు. క్రిస్మస్‌కి అరిసెలు వండి అందరికీ పెట్టి, తను చేతులు కడిగేసుకునేది. తోడుగా నేనూ తీపి మానేశాను. డాక్టరు చెప్పిందల్లా విన్న మనిషి. అయినా పోయింది.

మిషను పెట్రోల్లో కడిగి, చక్రాల పళ్ళు కుంచెతో తుడిచి, చుక్క నూనె వేసి బ్యాటరీకి తగిలించాను. నడిచింది. సంతోషమేమీ కలగలేదు. మూత బిగించాను.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి కారులో బిగిస్తుంటే, “ఏటయింది మేస్త్రీ దీనికి?” అన్నాడు కొడుకు.

“దుమ్ము,” అన్నాను. నిజం చెబితే ఆ సాయంత్రమే కారంతా వెతికించి, మర్నాడు అమ్మేస్తాడు.

షావుకారు గారిని చెయ్యిపట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. నేను పక్క సీట్లో ఉన్నాను. ఆయన ముందుకి వంగి, చెవి పెట్టి చాలాసేపు విన్నారు. “అదే,” అన్నారు. తర్వాత కొడుకుని మంచినీళ్ళు తెమ్మని పంపించి, గొంతు తగ్గించారు.

“నిజం సెప్పు అబ్బాయ్. ఏటయింది?”

“సీమలండి.”

ఆయన చెయ్యి స్టీరింగు మీద ఆగిపోయింది. “మావోడికి సెప్పేసేవా?”

“నేదండి. తినీసేక సెయ్యి తుడుసుకుని ముట్టుకోండి, సావుకారు గారూ.”

ఆయన చప్పుడు లేకుండా నవ్వారు. “ఈ క్రిస్మస్‌కి మీ ఇంటిది బెల్లానికి రానేదని కొట్లో అన్నారు. అరిసెలొండలేదేటి?” అన్నారు.

“పోయిందండి. వర్షాల్లో.”

“ఏటొచ్చింది?”

“సుగరు.”

ఆయన మెల్లగా వంగి, సీటు కిందనుంచి న్యూస్‌పేపరు పొట్లం తీసి, నా చెయ్యి వెతుక్కుని అందులో పెట్టారు. “పట్టుకుపో. ఇంక నాకొద్దు.”

“మా ఆవిడ ఒక్క పలుకు కూడా తిన్నేదండి,” అన్నాను. అనాలనుకోలేదు, వచ్చేసింది. “ఒండి అందరికీ పెట్టీది.”

పొట్లం విప్పి చిన్న పలుకు తుంచి ఆయన చేతిలో పెట్టాను. ఇంకోటి నా నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది. బెల్లం అంత తియ్యగా ఉంటుందని మరిచిపోయాను. సమాధుల తోటలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. పొట్లం ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

కొడుకు నీళ్ళ గ్లాసుతో వచ్చి, నన్ను చూసి నిలబడిపోయాడు. షావుకారు గారి పిడికిలి ఇంకా మూసే ఉంది.

“ముందు మేస్త్రీకియ్యి,” అన్నారాయన.