బావి విషయంలో నేను అడగని ప్రశ్న

ఓవర్సీరు పరీక్ష ప్యాసై పంచాయతీ సమితిలో చేరిన మొదటి ఏడు నాకు అప్పగించిన పని దిగుడుబావుల జాబితా. ఒక్కో బావికి లోతు, మెట్లు ఎన్ని, ఎండాకాలంలో మిగిలే నీళ్లు ఎంత, ఎన్ని ఇళ్లవాళ్లు తాగుతారు అన్నవి రాయాలి. అందులోంచి ముందుగా ఒక ఊరు ఎంచుకుని, మెట్లు పూడ్చి, చుట్టూ గోడ లేపి, గిరక బిగించి చేదబావిగా మార్చాలి. ఇదంతా నారికురుపు పోవడానికి.

నారి ఎరగని ఇల్లు అప్పట్లో మా కరీంనగర్ జిల్లాలో అరుదు. బయటివాళ్ల కోసం రాస్తున్నాను. అది దారంలాంటి పురుగు, మూరెడుకు పైగా పొడవు. ఎండాకాలంలో కాలి మీద బొబ్బ లేస్తుంది, పగులుతుంది, అందులోంచి పురుగు కొస బయటికి వస్తుంది. మంట ఓర్వలేక మనిషి కాలు నీళ్లలో పెడతాడు. పురుగు ఆ నీళ్లలో పిల్లల్ని వదులుతుంది. ఆ నీళ్లు తాగినవాళ్లకు సుమారు ఏడాది గడిచాక నారి లేస్తుంది. మనిషి కాలు తాగేనీళ్లలో పడకపోతే నారి లేదు. లెక్క అంతే అనుకున్నాను.

నేను ఎంచిన ఊరికి హుజూరాబాద్‌లో బస్సు దిగి నాలుగు మైళ్లు నడవాలి. ఊళ్లో సగం సేద్యగాళ్లు, సగం నేతవాళ్లు. ఒక నేతగాని ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. ఆయన్ని కాక అనీ, ఆయన భార్యను చిన్నమ్మ అనీ పిలిచేవాణ్ణి. కాకది గుంటమగ్గం. గుంటలోకి కాళ్లు దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కితేనే పోగు కదులుతుంది. ఆయన కుడికాలికి వరసగా రెండో ఎండాకాలం నారి లేచింది. పెళ్లిళ్ల రోజులు, చీరలు దిగాల్సిన రోజులు. మగ్గం ఆగిపోయింది. మూడో ఏడు కూడా ఆగితే సావుకారు నూలు వేరే మగ్గానికి ఇస్తానని చెప్పి పోయాడు. కాక గడప మీద కూర్చుని, బయటికి వచ్చిన పురుగు కొసను సన్నటి పుల్లకు రోజుకింత చుట్టుకుంటూ ఉండేవాడు. గట్టిగా లాగితే తెగుతుంది. తెగితే లోపల చీము పట్టి కీలు బిగుసుకుపోతుంది.

మెట్లు పూడ్చాలంటే ఊరు ఒప్పుకోవాలి, మట్టిపని ఊరే చేయాలి. అందుకని గ్రామసభకు ముందే ఇంటింటికీ తిరిగి అభిప్రాయం రాసుకున్నాను. నాలుగు ప్రశ్నలు: మీ ఇంట్లో నారి లేచినవాళ్లు ఎందరు, అది దేనివల్ల వస్తుందనుకుంటున్నారు, మెట్లు పూడ్చడం ఇష్టమేనా, మట్టిపనికి మనిషిని పంపుతారా. చలికాలంలో పంచాయతీ ఎన్నికలు ఉన్నాయి. నిలబడదలచిన ఇద్దరూ దవాఖాన తెస్తామని అప్పటికే మాట ఇస్తున్నారు. జనం అడిగేదీ అదే. సూది వేసే డాక్టరు కావాలి. బావి దోషం ఏముంది, తాతలు కట్టించిందే కదా అన్నారు. ఒక ముసలి రైతు నన్ను కూర్చోబెట్టి నవ్వుతూ అన్నాడు: "పొలం కాడ అన్నదమ్ములం కొట్టుకున్నం సారు. మా బాపు సమానంగ పంచింది గీ నారి ఒక్కటే. దాన్ని గూడ నువ్వు గుంజుకపోతనంటవు."

అయినా విడమరచి చెబితే విన్నారు. ముప్పావువంతు ఇళ్ల ఎదురుగా ‘ఇష్టమే’ అని రాసుకున్నాను. కాక అందరికంటే ముందు ఒప్పుకున్నాడు. చేయెత్తడమే కాదు, కాలు నయమైతే తానే తట్ట మోస్తానన్నాడు.

గ్రామసభ బడి ముందు జరిగింది. అందరూ వాడలవారీగా కూర్చున్నారు. సర్పంచు మెట్లు పూడ్చే సంగతి చదివి, ఇష్టమైనవాళ్లు చేతులెత్తమన్నాడు. నేను పెన్సిలు పట్టుకుని లెక్కకు సిద్ధంగా ఉన్నాను. నేతవాళ్ల వైపు ఒక్క చేయి లేవలేదు. అందరూ కులపెద్ద వైపు చూశారు. ఆయన నేల వైపు చూస్తున్నాడు. కాక రెండు చేతులూ తువాల కింద ఉన్నాయి. సేద్యగాళ్లలో నలుగురైదుగురు ఎత్తిన చేతులు కూడా పక్కచూపులు చూసి దించారు. సర్పంచు కాగితం మడిచి తర్వాతి విషయం చదివాడు.

ఇంటికి వచ్చాక కాకను నిలదీశాను. ఆయన కాలు చాపుకుని పుల్ల సర్దుకున్నాడు.

"కులం ఎత్తనిది నేనొక్కణ్ణి ఎట్ల ఎత్తుత సారు? రేపు పీనుగ లేస్తే మోసేది వాళ్లే గద."

కులపెద్ద ఎందుకు ఎత్తలేదని అడిగాను. వంటింటి వైపు గడ్డం ఎత్తి చూపాడు. పురిటికి వచ్చిన కాక కూతురు ఆ ఇంట్లోనే, లోపలి గదిలో పడుకుని ఉంది. ప్రసవమై పన్నెండో రోజు. ఇరవై ఒకటో రోజున బాలింత బావిలోకి దిగి, నీళ్లను ఆనుకున్న మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, మూడు దోసిళ్ల నీళ్లు తాగి, కడవ నింపుకుని రావాలి. అప్పుడే ఆమె ముట్టుకున్న పొయ్యి, ఇల్లు శుద్ధి. ఆ మెట్టు మట్టిలో కలిస్తే బాలింతలు ఎక్కడ మొక్కాలని, సభ రోజు పొద్దున వాడలోని ఆడవాళ్లంతా కులపెద్ద ఇంటికి పోయి అడిగారు. ముందు నడిచింది చిన్నమ్మే.

మా అవ్వ కూడా నన్ను కన్నాక అలాగే దిగి మొక్కి ఉంటుంది. ఈ ఆచారం నాకు తెలియనిది కాదు. కాని నా కాగితంలో దానికి గడి లేదు. ఇంటింటా అరుగు మీద కూర్చున్న మగవాణ్ణి అడిగి, ఇంటి అభిప్రాయం రాసుకుని లేచాను. వోటు ఆడవాళ్లకూ ఉందని సమితి నాకు ఇచ్చిన జాబితాలోనే ఉంది. రెండు నెలలు చిన్నమ్మ చేతి జొన్నరొట్టె తిన్నాను, ఒక్క ప్రశ్నా అడగలేదు.

తొమ్మిది రోజులకు కూతురు బావి దిగింది. నీళ్లు కాచి తాగమని చెప్పాను. మొక్కిన నీళ్లు కాస్తారా అని చిన్నమ్మ నా వైపు జాలిగా చూసింది. చలికాలం ఎన్నికల్లో, బావి జోలికి పోనని, దవాఖాన తెస్తానని చెప్పినవాడు గెలిచాడు. దవాఖాన మంజూరు కాలేదు.

మరుసటి ఎండాకాలం కాకకు మూడోసారి లేచింది, ఈసారి మోకాలి పక్కన. సావుకారు మాట గుర్తుండి, పుల్ల కాలికి కట్టుకునే గుంటలో దిగాడు. రెండో రోజు పురుగు తెగింది. నెల రోజులు జ్వరం. జ్వరం తగ్గాక చూస్తే మోకాలు బిగుసుకుని ఉంది. అదే నెలలో అత్తగారింటి నుంచి కూతురు వచ్చింది, ఏడాది పిల్ల చంకలో, తన పాదం మీద బొబ్బ.

చిన్నమ్మ ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని నన్ను పిలిచింది. మంట మాట అడగలేదు. నీళ్లు తాగి ఎన్ని నెలలకు లేస్తుందని అడిగింది. చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

ఆ తర్వాత జరిగిన సభకు ఆమె వచ్చింది. ఆడవాళ్లు సభలో నిలబడడం నేను అంతకు ముందు చూడలేదు. కొంగు తల మీదికి లాక్కుని, కులపెద్దతో అంది: "పెద్దయ్యా, నీళ్లకాడి మెట్టురాయి పైకి గుంజి గోడ పక్కన నిలబెట్టున్రి. మేం దానికే మొక్కుతం. తక్కిందంత పూడ్చున్రి."

ఎవరో వెనక నుంచి, ఇగ ఆడోళ్లే పంచాయతి చేస్తరని ఎగతాళి చేశాడు. ఆమె అటు తిరగలేదు. కులపెద్ద చేయెత్తాడు. వాడ మొత్తం ఎత్తింది. వానలకు ముందే మెట్లు పూడ్చాం. ఆ రాయిని పైకి తీయడానికి ఎనిమిది మంది పట్టారు.

ఆ పైఏడు కూడా ఊళ్లో నారి లేచింది, అంతకు ముందే తాగినవాళ్లకు. బావి ఏం చేసిందని, నీ గిరక ఏం తిప్పిందని తాడు పట్టుకున్న ప్రతివాళ్లూ నన్ను అడిగారు. ఇంకో ఏడు ఆగమని చెబుతూ తిరిగాను. ఆ మాట అనడం కష్టంగా ఉండేది. ఆ తర్వాతి ఏడు ఎవరికీ లేవలేదు.

ఆదిలాబాద్ జిల్లా బోథ్‌కు బదిలీ అయినప్పుడు చెప్పిపోదామని వాళ్లింటికి వెళ్లాను. కాక గోడకు ఆనుకుని, కుడికాలు కర్రలా చాపి, రాట్నం మీద కండెలకు నూలు చుడుతున్నాడు. మా వైపు ఆడవాళ్లు చేసే పని అది. గుంటలో చిన్నమ్మ ఉంది. ఆమె ఏడాదిగా నేస్తోందని, సావుకారు ముందు వద్దన్నా తర్వాత నూలు ఇచ్చాడని కాక చెప్పాడు.

"నారి ఇగ రాదు సారు," అన్నాడాయన. "గని గీ కాలు గుంటలకు దిగది."

చిన్నమ్మ నేయడం ఆపింది. "గా రాయి ముచ్చట మొదటి ఏడే చెప్పేదాన్ని," అంది. "నువ్వు అడుగలే."

  తెగిన పోగు ఒకటి కనబడితే ఆమె వంగి ముడివేసుకుంది.