చప్పుడుంటేనే నిమ్మళం

ముప్పై ఏళ్లుగా మరమగ్గాల షెడ్డులో సాంచాలు నడుపుతున్న అంబదాసుకు చప్పుడుంటేనే నిమ్మళం. ఆర్డర్లు లేక సిరిసిల్లలో ఆ సాంచాలు ఆగి పదిహేను రోజులైంది. అప్పట్నుంచి కంటిమీద కునుకు లేదు. కూర్చున్నచోటే వేళ్లు తెగిన పోగును ముడేస్తున్నట్టు ఆడుతుంటాయి. చూడలేక బిడ్డ అనురాధ, ఏళ్ల తరబడి వరసగా వస్తున్న డైనోసార్ల సినిమాల్లో ఏడోదానికి తీసుకొచ్చింది. తెరమీద మనుషులు పొదల్లో నక్కారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. అంబదాసు దిగ్గున లేచాడు.

“ఏ సాంచ ఆగిందే?” షెడ్డులో అరిచినట్టే అరిచాడు.

“కూసో బాపూ,” అనురాధ చొక్కా పట్టి లాగింది. “డైనోసార్ అస్తదని అందరు సప్పుడు చేస్తలేరు.”

వచ్చింది. అది గర్జించేసరికి హాలంతా కెవ్వుమంది. అనురాధ భయంతో తండ్రి చెయ్యి పట్టుకుంది. వేళ్లు ఆడటం లేదు. తల వాల్చి గురక పెడుతున్నాడు. అది ఇంకాసేపు అరిస్తే బాగుండనుకుంది అనురాధ.