సినిమాలో పడిపోయిన ఎద్దు

నిన్న మారండహళ్ళి దాటినాక బస్సు కిటికీలోనుంచి ఒక టమాటా తోట చూసినాను. పిట్టలు రాకుండా తాడుకి పాత డీవీడీలు కట్టినారు. ఎండకి తళతళా మెరుస్తా ఉంటే ప్రాణం ఉసూరుమనింది.

మీకు జ్ఞాపకం ఉందా? ఒరిజినల్ డిస్కు కొంటే, సినిమా అయిపోయినాక షూటింగ్ ఎట్ల చేసినారో కూడా ఉండేది. అది చూడడం దండగ అని అందరమూ ప్లేయర్ ఆపేసేవాళ్ళమే. నేను మాత్రం దండగ అనను.

నల్లంపల్లిలో మా అవ్వోళ్ళింట్లో ఒక ఆదివారం మామ తెచ్చిన తమిళ సినిమా చూస్తా ఉన్నాము. అందులో బండి లాగి లాగి ఒక ఎద్దు కూలిపోయి కన్ను మూస్తుంది. తాత రాగిముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేచినాడు.

"నోరులేనిదాన్ని చంపి సినిమా తీస్తారా?" అని పోయి పశువుల కొట్టం దగ్గర కూర్చున్నాడు. అవ్వ ఎంత పిలిచినా రాలేదు.

సినిమా అయిపోయినాక మామ ఆ షూటింగ్ ముక్క పెట్టినాడు. ఎవరో ఒకాయన ఎద్దు వీపు నిమిరి మెల్లగా పడుకోబెట్టినాడు. "కట్" అనేసరికి అది లేచి, ఒళ్ళు విదిలించుకొని, గడ్డి మేసింది.

"తాతా, ఎద్దు లేచింది, రా!" అని అరిచినాను.

తాత వచ్చి నిలబడే చూసినాడు. మళ్ళీ ఒకసారి పెట్టించుకున్నాడు. హమ్మయ్య అని కూర్చొని, చల్లారిన ముద్ద అంతా తిన్నాడు.

"పోయిన వారం సినిమాలో హీరో కూడా చచ్చినాడు కదా నాయనా, వానికోసం ముద్ద వదిలి లేవలేదే?" అని మామ నవ్వినాడు.

"సినిమా అని వానికి తెలుసు. ఎద్దుకి ఎవరు చెప్పినారు?" అన్నాడు తాత.