ఇవ్వని చీటీ

ఏడేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. మింగలేదు, కక్కలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

కృష్ణానగర్‌లో సినిమా పనివాళ్లకు ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే చిన్న సంస్థలో నేను గుమాస్తాని. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని లాయరమ్మ దగ్గరికి పంపుతాను. అక్కడొక నియమం. ఒక గొడవలో ముందు ఒకరికి సలహా ఇస్తే, అవతలివాళ్ల కేసు ఇక తీసుకోరు. అలా వెనక్కి పంపేవాళ్లకు, కోర్టులో ఉచితంగా లాయర్ని ఇచ్చే ఆఫీసు చిరునామా ఉన్న చీటీ ఇవ్వాలి. అది నా పనే.

మా తమ్ముడు లైట్‌మన్. మరదలు షూటింగుల్లో హెయిర్ డ్రెస్సర్. వాడి దెబ్బలు పడలేక యూసుఫ్‌గూడలోని మా ఇల్లు వదిలిపోయింది. మూడేళ్ల బిడ్డను మాత్రం వాడు పంపలేదు. సోమవారం మా ఆఫీసుకు వస్తానని ఆమె నాకే ఫోన్ చేసి చెప్పింది. శనివారమే తమ్ముణ్ణి తీసుకెళ్లి, నాకేమవుతాడో చెప్పకుండా, లాయరమ్మ ముందు కూర్చోబెట్టాను. పది నిమిషాలు. అంతే చాలు.

సెట్ నుంచి నేరుగా వచ్చిందామె, దువ్వెనల సంచి భుజానే ఉంది.

"వదినె, మీరున్నరనే ధైర్యంతోటి వచ్చిన. నా బిడ్డ నాకు గావాలె."

"తమ్ముడు ముందే వచ్చి పోయిండు. మావోళ్లు నీ కేసు తీసుకోరు."

"మరి యాడికి పోవాలె?"

"నాకు తెల్వదు."

చీటీల కట్ట నా మోచేతి కిందే ఉంది.

"మీరు మాత్రం ఏం జేస్తరు లే వదినె" అని నన్నే ఓదార్చి వెళ్లిపోయింది. కొన్నాళ్లు మా వీధి చివర కనిపించేది. తర్వాత అదీ లేదు.

ఎందుకు చేశాను? తమ్ముడి కోసమా? తెల్లారకముందే షూటింగ్‌కు పరుగెత్తే తల్లి పిల్లను ఏం చూసుకుంటుందని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నాకు పిల్లల్లేరు. పొద్దున్నే జడ కోసం నా ఒళ్లోకొచ్చి కూర్చునే ఆ పిల్లను వదులుకోలేకపోయాను. వాడు చెయ్యి చేసుకుంటాడని తెలిసి కూడా ఆ ఇంట్లోనే ఉంచాను. ఇది ప్రేమేనా? నాకే అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు ఎవర్ని వెనక్కి పంపినా చీటీ చేతిలో పెట్టి, చదివి వినిపించి మరీ పంపుతున్నాను. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

మొన్న జడ వేస్తుంటే పిల్ల అడిగింది. "అత్తా, అమ్మ నాకోసం ఎప్పుడన్న వచ్చిందా?"

తెల్వదన్నాను. మళ్లీ అదే మాట.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. పిల్లకు చెప్పలేనిది ఇక్కడ ఒక్కసారైనా రాయాలని.

మీ అమ్మ నీకోసం వచ్చింది. నా ఎదురుగానే కూర్చుంది.