మూడు మఠాల మాణిక్యం

కొల్లేటి లంకలో కన్యాస్త్రీల మఠం పెట్టి యాభై ఏళ్లయిన పండుగ. చేసేది మాత్రం తాడేపల్లిగూడెం ఏసీ హాల్లో. లంకలో అయితే పెద్దమనుషుల కార్లకు దారి సరిగా ఉండదట! ముందు వరసలో కూర్చున్న సిస్టర్ మాణిక్యానికి ఒళ్లు మండిపోతోంది.

పెంటపాడు దగ్గర కూలి ఇంట్లో పుట్టి, తండ్రి వద్దన్నా మఠంలో చేరిన మనిషి. ఇరవై నాలుగేళ్ల వయసులో మరో ఇద్దరు సిస్టర్లతో లంకలో పడవ దిగి, ఒక పశువుల పాకలో బడి పెట్టింది. తర్వాత జంగారెడ్డిగూడెంలో, తాడేపల్లిగూడెంలో మఠాలు లేచాయంటే ఆమె చలవే.

వేదిక మీద చేపల చెరువుల ఆసామి వీరవెంకటరమణ గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజుల్లో సిస్టర్లకు మా పాక ఇచ్చి, కంటికి రెప్పలా కాచుకున్నామండీ."

చప్పట్లు మోగాయి. పక్కనే కూర్చున్న మఠాల పెద్ద, మదర్ ప్రభావతి, మాణిక్యం చెవిలో గొణిగింది. "మీరు రెండు ముక్కలు చెప్పి కూర్చోండి సిస్టర్ గారూ. లంకలో ఆడపిల్లల హాస్టల్ ఆయనే కట్టిస్తున్నారు."

మాణిక్యం మైకు అందుకుంది. "పాక ఇచ్చిన మాట నిజమేనండి. పిల్లలు చదువుకొచ్చి చెరువు పనికి రావట్లేదని, ముసురులో మా సామాన్లు బురదలోకి విసిరేయించి తిరిగి తీసుకున్నారు కూడా. అది మరిచిపోయినట్టున్నారు. పెద్ద వయసు కదండీ, పాపం. మాకు గోడలు లేపి ఇచ్చింది లంక జాలర్లు. ఇంత పండుగలో వాళ్లలో ఒక్కరూ కనబడరేమండీ?"

వీరవెంకటరమణ భోజనం చేయకుండానే కారెక్కాడు.

"హాస్టల్ పోయిందండీ," అంటూ ప్రభావతి ఏడ్చింది. "ఇప్పుడా పిల్లల గతేంటి?"

ఆ మాట మాత్రం మాణిక్యానికి గుచ్చుకుంది.

ఏలూరులో విశ్రాంతిగా ఉండాల్సిన ఆమెను నోటి దురుసుకు శిక్షగా లంకకే పంపారు. పంపినవాళ్ల తెలివికి ఆమె పకపకా నవ్వి, సంచి సర్దుకుంది. వెళ్లిన రోజే, పెద్దమనుషులు వస్తే కూర్చోడానికని దుమ్ము దులిపి దాచిన సోఫాలను మఠం ముందుగదిలోంచి వసారాలోకి గెంటించింది. ఖాళీ అయిన గదిలో చాపలు పరిచి, చుట్టుపక్కల లంకల ఆడపిల్లలను ఉండి చదువుకోడానికి తెచ్చి పెట్టుకుంది.

నెల తర్వాత ప్రభావతి చూడ్డానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "మరీ ఇరుకు కదండీ?"

"ఇరుకే మదర్. దండలు వేయించుకోడానికొచ్చే వాళ్లకు చోటు చాలదు. మీరు సన్నగానే ఉన్నారుగా, రండి, చాప మీద కూర్చోండి."