చిన్నల్లుడు చూపించిన కణుజు

మొన్న ఆదివారం సైనిక్‌పురిలో మా షడ్డకుడి ఇంటికి భోజనానికి వెళ్ళాం. షడ్డకుడంటే నా భార్య చెల్లెలి భర్త. హాల్లో కూర్చుంటే ఎదురుగా టీవీ పైన కణుజు ఫోటో. మన అడవుల్లో దుప్పి జాతిలో అంత పెద్ద జంతువు ఇంకొకటి లేదు. కొమ్ములు పైకెత్తి, మెడ తిప్పి, సరిగ్గా నా వైపే చూస్తుంటుంది. ఈసారి దానికి కొత్త ఫ్రేము కూడా కట్టించారు. ఏళ్ళు గడిచినా ఆ ఫోటో చూస్తే నా కడుపు మండుతుంది. దాచుకోవాల్సిన సంగతే అనుకోండి, కానీ ఈ వయసులో ఎవరి కోసం దాచుకోవాలి?

మా షడ్డకుడు చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. నాకంటే చిన్నవాడు, ప్రభుత్వ రంగ సంస్థలో ఇంజనీరు, సొంత కారు, ఎప్పుడూ నవ్వు మొహం. నేనేమో నాచారంలో సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజర్ని. మా అత్తగారు రామంతాపూర్‌లో ఉండేది. నేను ఉప్పల్ మార్కెట్లో ఒక్కొక్కటీ వాసన చూసి ఏరి తెచ్చిన మామిడి పళ్ళు తిని "తియ్యగనే ఉన్నయ్" అనేది. అతను దారిలో కారాపి, దిగకుండానే కొన్న పళ్ళను మాత్రం "మా చిన్నల్లుడు తెచ్చిండు" అని వాడకట్టంతా పంచేది. ఆ పంచిన పళ్ళలో రెండు మా ఇంటికీ వచ్చేవి. పుల్లగా ఉంటే బాగుండునని కొరికేవాణ్ణి. ఒక్కసారీ ఉండలేదు.

అలాంటి మనిషి ఒక ఏడు భార్యాపిల్లలతో ములుగు అవతలి అడవికి వెళ్ళి ఆ ఫోటో తీసుకొచ్చాడు. అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె పుట్టింది అడవి పక్క ఊళ్ళోనే. వాళ్ళ నాయన వేటగాళ్ళ వెంట వెళ్ళొచ్చి కణుజు గురించి కథలు కథలుగా చెప్పేవాడట గానీ, ఆడపిల్లలను ఊరి పొలిమేర దాటనిచ్చేవాడు కాదట. "అరుపు ఇన్న గని కండ్లతోని సూడలె బిడ్డా. మోకాళ్ళు జర మంచిగున్నప్పుడే ఒక్కపారి సూడాలె" అంది. "చూద్దాం అత్తమ్మా" అన్నాడు షడ్డకుడు. ఆ 'చూద్దాం'లో నాకు సందు దొరికింది. "చూద్దామేంది? ఈ చలికాలమే నేను తోల్కపోత. అందరం పోదాం" అనేశాను. వేట రోజులు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు అడవిలో ఎవరైనా చూపుతోనే వేటాడాలి. నేను మాత్రం కణుజును వేటాడలేదు. 'పెద్దల్లుడు సూపిచ్చిండు' అని అత్తగారు అనే ఒక్క మాట కోసం బయలుదేరాను.

అనడమైతే అన్నాను గానీ నా జీతానికి అందరినీ అడవికి తీసుకెళ్ళడం మాటలు కాదు. ఫ్యాక్టరీలో నా తోటివాడి బావమరిదికి ఉప్పల్‌లో తుఫాన్ బండి ఉంటే, డీజిల్ పోయించి డ్రైవర్‌కు తిండి పెట్టే ఒప్పందం మీద మాట్లాడుకున్నాను. రిసార్టు ఊసెత్తకుండా, ములుగులో ఇంకో స్నేహితుడి అన్నగారింట్లో బస కుదిర్చాను. హోటల్ వైపు చూడకుండా సర్వపిండి, పులిహోర, మురుకులు ఇంట్లోనే చేయించాను. షడ్డకుణ్ణి కూడా పిలిచానని తెలిసి నా భార్య ఆశ్చర్యపోయింది. "ఆయనెందుకయ్యా? ఒకపారి సూసొచ్చిండు గదా!" అంది. కుటుంబమంటే అందరూ ఉండాలి అన్నాను గంభీరంగా. అసలు సంగతి, అతను నా బండిలో, వెనక సీట్లో, మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. అది నేను చూడాలి.

తీరా మేం బయలుదేరే వేళకు వర్జ్యం ఉందని అత్తగారు ముందురోజే మొరాయించింది. ఆలస్యమైతే అడవిలో తిప్పే బండి మాకోసం ఆగదు. ఇలాంటి చిక్కుకు మనవాళ్ళ దగ్గర పరస్థానం అనే ఉపాయం ఉంది కదా. మంచి గడియ చూసి ఒక సంచి ముందుగానే పక్కింట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. తర్వాత ఏ వేళకు గడప దాటినా దోషం లేదు. ముందురోజు సాయంత్రం ఆమె చేతిసంచి పక్కింట్లో పెట్టొచ్చింది నేనే. తెల్లవారి దాన్ని తీసుకోవాల్సిందీ నేనే. కానీ ఆ తెల్లవారుజామున నేను షడ్డకుణ్ణి వెనక సీటుకు పంపే పనిలో మునిగిపోయి ఉన్నాను. అతనేమో ఎక్కీ ఎక్కగానే "ఈడ మస్తుగుందన్నా, కాళ్ళు జాపుకోవచ్చు" అని నా సంబరం మీద నీళ్ళు పోశాడు.

జనగామ దాటాక అత్తగారు చెయ్యి చాపింది. "బిడ్డా, నా సంచి ఇటియ్యి. అద్దాలు పెట్టుకుంట." సంచి ఇంకా పక్కింట్లోనే ఉంది. అద్దాలు లేకపోతే ఆమెకు నాలుగడుగుల అవతల అన్నీ మసకే. "సంచి మనకన్న ముందు బయలెల్లింది, మనమే దాన్ని ఇడిచిపెట్టొచ్చినం" అని ఆమే నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. వెనక్కి తిరిగే వ్యవధి లేదు, డీజిలూ లేదు.

సాయంత్రం అడవిలో తిప్పే బండి డ్రైవర్ ఉన్నట్టుండి ఇంజను ఆపి "అగో" అన్నాడు. ఇదే నా గడియ. నా మొదటి చూపు అడవి మీదికి పోలేదు, వెనక్కి తిరిగి షడ్డకుడి మొహం మీదికి పోయింది. నా ఖర్చుతో కణుజు కనిపిస్తే ఆ మొహం ఎలా మాడుతుందో చూద్దామని. అది మాడలేదు. ఒక్క క్షణం వెలిగింది. అంతలోనే అతను తన దూరపు చూపు కళ్ళజోడు తీసి, ముందుకు వంగి, అత్తగారికి పెట్టాడు. "గా ఎండిన చెట్టు పక్కకు సూడు అత్తమ్మా, మెల్లగ." ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అచ్చం మా నాయన చెప్పినట్టే ఉందిరా" అంది. నేను తిరిగి చూసేసరికి పొదలో ఆకులు కదులుతున్నాయి. బండి మాట్లాడిందీ, బస చూసిందీ, సర్వపిండి మోసిందీ నేను. కణుజును చూడనిదీ నేనే. తిరిగొచ్చాక రామంతాపూర్ వాడకట్టంతా ఒకటే మాట, "చిన్నల్లుడు సూపిచ్చిండు". నాకు మూడు రోజులు అన్నం సహించలేదు.

ఇప్పుడు అత్తగారు షడ్డకుడి దగ్గరే ఉంటోంది. వయసు మీద పడి ఆమెకు జరిగినవి గుర్తుంటాయి, మనుషులు తారుమారవుతారు. మొన్న భోజనాలయ్యాక పక్కింటావిడ ఎవరో ఫోటో చూసి అడిగితే, అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "ఈనెనే, మా పెద్దల్లుడు. తన అద్దాలు దీసి నా కండ్లకు వెట్టి కణుజును సూపిచ్చిండు."

దూరం చూడ్డానికి నేను జన్మలో కళ్ళజోడు పెట్టుకోలేదు. షడ్డకుడు నా వైపు చూసి, "అవునత్తమ్మా, అన్ననే సూపిచ్చిండు" అన్నాడు, దారిలో కొన్న పళ్ళు పంచినంత తేలిగ్గా. ఇన్నేళ్ళు కాచుకున్న మాట చేతికొచ్చిన రోజున కూడా నాకు అతని మీద అసూయే కలిగింది. కాలం ఆమెలో మా పేర్లను తారుమారు చేసింది గానీ, ఆ కళ్ళజోడును మాత్రం ఎక్కడిదక్కడే ఉంచింది.